రాయపూర్‌లో నా ఉపన్యాసం

విజయనగరంలో రాయపూర్ పాసెంజరు ఎక్కేటప్పటికి సాయంత్రం ఆరున్నర దాటింది. చేతిలో బట్టల సంచీ, కూలీ నెత్తిన నా నవల కట్టలు రెండు. కూలీ వాటిని సీటు కిందకి తోసి, "ఏటమ్మా, ఇటికలా?" అన్నాడు. పుస్తకాలన్నాను. నేనే రాశానని కూడా అన్నాను. అడక్కపోయినా చెప్పడం అప్పటికే నాకు అలవాటైపోయింది.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. డ్యూటీ లేని పూటల్లో ఏళ్ల తరబడి రాసిన నవల 'గేటు పక్క ఇల్లు'. రైల్వే గేటు కాపలాదారు కుటుంబం కథ. పత్రికలవాళ్లు తిప్పి పంపితే నేనే అచ్చు వేయించుకున్నాను. విశాఖపట్నం, రాజమండ్రి షాపులవాళ్లు మొహమాటపడి తీసుకున్నారు, మొహమాటం లేకుండా తిప్పి పంపారు. బంధువులకి ఊరికే పంచాను. అట్ట బాగుందన్నారు. లోపల ఏముందో ఒక్కరూ అనలేదు. రెండో నవల బుర్రలో సగం తయారై ఉంది గానీ, చదివే దిక్కు లేనప్పుడు రాయడం దేనికి? రాయపూర్‌లో కూడా ఎవరూ చదవకపోతే మంచం కింద కట్టలన్నీ పాత కాగితాలవాడికి ఇచ్చేసి రాత మానేస్తానని మా ఆయనకి చెప్పే బయల్దేరాను. ఆయన, "సరే, స్వెట్టరు పట్టుకెళ్లు" అన్నారు.

రాయపూర్ ఎందుకంటే, అక్కడ గుఢియారీ అనే పేటలో మన రైల్వే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు నడుపుకునే చిన్న తెలుగు లైబ్రరీకి సెక్రటరీ సూర్యనారాయణ గారు. పార్సిల్ ఆఫీసులో గుమస్తా. మా పెదనాన్న గారి ద్వారా పరిచయం. ట్రంక్ కాల్ చేస్తే గరగరల మధ్య ఆయన మాట ఒక్కటే స్పష్టంగా వినిపించింది: "తప్పకుండా రండి మేడమ్. మీ ఉపన్యాసం కోసం ఇక్కడ అందరూ ఎదురు చూస్తున్నారు."

ఉపన్యాసం అనేసరికి నాకు భయం వేసింది. పదిమంది ముందు నిలబడి మాట్లాడి ఎరగను. నా ఉద్యోగంలో మాట్లాడేదల్లా కనబడని మనుషులతోనే. అయినా ఒప్పుకున్నాను. 'తెలుగు నవల: నిన్న, నేడు' అని గొప్ప పేరొకటి పెట్టి, కాగితాల నిండా రాసి, రైలు కదలగానే బట్టీ పట్టడం మొదలెట్టాను. పార్వతీపురంలో ఎక్కి ఎదురుగా కూచున్నావిడ భర్తకి భిలాయి స్టీల్ ప్లాంటులో పని. నా పెదాల కదలిక కాసేపు చూసి, "అదేం స్తోత్రమమ్మా? మా ఆయనకి మోకాళ్ల నొప్పులు. దానికేమైనా పనిచేస్తుందా?" అని అడిగింది. చెయ్యదని చెప్పాను. పాపం, అయినా రెండు చపాతీలూ ఆవకాయా పెట్టింది.

కాంటాబాంజీ దాటాక తెల్లారింది. మహాసముంద్‌లో టీ దొరుకుతుంది, తాగదగ్గదే. రాయపూర్ చేరేసరికి పది. వెళ్లేవాళ్లకి ఒక మాట: గుఢియారీ ఉన్నది స్టేషన్‌కి వెనక వైపు. తెలియక ముందు గేటులోంచి బయటపడితే, నాలాగే రిక్షాలో ఊరంతా చుట్టి రావాలి.

సూర్యనారాయణ గారింట్లోనే బస. ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. భార్య కమల అటుకుల ఉప్మాలాంటి పోహా, జిలేబీ పెట్టింది. రాయపూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. సూర్యనారాయణ గారి తల్లి పైడితల్లమ్మ గారు బొబ్బిలి వైపు మనిషి. రెండు కళ్లకీ పొరలు కమ్మాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "వచ్చేవా అమ్మా, నీకోసమే సూస్తన్నాను" అంది. చూపు లేని మనిషి ఆ మాట అంటే, ఆ చెయ్యి అలాగే పట్టుకుని పక్కన కూచున్నాను.

మధ్యాహ్నం ఒక కట్ట విప్పుకుని ఒక్కదాన్నే శంకర్ నగర్ వెళ్లాను. నాకొచ్చిన హిందీ అంతా ట్రంక్ లైన్ల మీద నేర్చుకున్నది. లైన్ బిజీ హై, బాత్ కీజియే, అంతవరకే. పుస్తకాల షాపు పెద్దాయన నా పుస్తకం అటూ ఇటూ తిప్పి, "యే ఉపన్యాస్ హై?" అన్నాడు. నా ఉపన్యాసం సంగతి ఈయనకెవరు చెప్పారా అనుకుంటూనే, కాదు, ఉపన్యాసం సాయంత్రం గుఢియారీలో అని నా హిందీలో విన్నవించుకున్నాను. ఆయన నా వంక వింతగా చూసి, రెండు ప్రతులు అద్దాల బీరువాలో పెట్టాడు. తలకిందులుగా పెట్టాడు. నేను సరిచేశాను. "అబ్ సీధా హై?" అని నవ్వాడు. మంచివాడే. అక్కణ్ణించి మోవా వైపు ఒక చిన్న లైబ్రరీకి వెళ్తే, అక్కడాయన ఒక ప్రతి తీసుకుని, ఏ బీరువాలో పెట్టాలో తోచక బల్ల మీదే ఉంచేశాడు.

ఆరు గంటలకి తెలుగు లైబ్రరీ గది నిండింది. చోటు లేక గుమ్మంలో కూడా నిలబడ్డారు. నా ఆనందం ఇంతా అంతా కాదు. కాగితాల్లోంచి తలెత్తకుండా మొదలెట్టాను. నవల పుట్టుక, వికాసం, పాత్ర చిత్రణ. రెండో కాగితానికి పిల్లలు జారుకున్నారు. నాలుగో కాగితానికి మగవాళ్లు వాచీలు చూసుకున్నారు. ముందు వరసలో కుర్చీ వేయించుకున్న పైడితల్లమ్మ గారు చాలాసేపు ఓపిక పట్టి చివరికి అడిగేసింది.

"అమ్మా, ఉపన్యాసం ఎప్పుడు మొదలెడతావు?"

"ఇదేనండీ ఉపన్యాసం" అన్నాను.

"ఇది భాషణ్ కదమ్మా. నువ్వు ఉపన్యాసం రాసేవని, అది పట్టుకొస్తన్నావని మా సూరి సెప్పేడు."

సూర్యనారాయణ గారు తల గోక్కుంటూ లేచారు. హిందీలో నవలనే ఉపన్యాస్ అంటారట. ఇక్కడ పుట్టి పెరిగిన నోటికి అదే తెలుగు మాటై కూచుందట. నేను రాత్రంతా రైల్లో బట్టీ పట్టింది ఎవరికీ అక్కర్లేనిది. వాళ్లు ఎదురు చూసింది నా నవల కోసం. గదంతా నవ్వు. నాకూ నవ్వొచ్చింది. కాగితాలు సంచిలో కుక్కి, పుస్తకం తీసి మొదటి అధ్యాయం చదివాను. ఈసారి మధ్య మధ్య తలెత్తి వాళ్ల మొహాలు కూడా చూశాను. జారుకున్న పిల్లలు కూడా మళ్లీ వచ్చి కూచున్నారు. గేటు కాపలాదారు భార్య పొయ్యి మీద అన్నం వదిలేసి పచ్చజెండా పట్టుకుని పరిగెత్తే చోట ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఇన్నేళ్లకి నా నవల ఒకరి చెవిన పడిందని కళ్లు చెమర్చాయి.

తీరా కట్ట విప్పాక అసలు సంగతి బయటపడింది. అందరూ పుస్తకం తీసుకుని, తిరగేసి, జాగ్రత్తగా తిరిగి పెట్టేశారు. చదువులన్నీ హిందీలో. తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. చదవగలిగిన పెద్దవాళ్లు చాలామంది రిటైరై ఊళ్లకి వెళ్లిపోయారు. ఒక కుర్రాడు పాపం మనస్ఫూర్తిగానే అన్నాడు, "హిందీలో వేయించండి మేడమ్, నేనే నాలుగు కొంటాను" అని. నాలుగైదు ప్రతులు పోయాయి. మొహమాటం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ పూట భోజనం దగ్గర పాత కాగితాలవాడి తరాజే కళ్ల ముందు ఆడింది.

మర్నాడు పొద్దున్న టీ గ్లాసుతో వరండాలోకి వస్తే అత్తాకోడళ్లు పీట వేసుకుని కూచున్నారు. కమల ఒళ్లో నా పుస్తకం. ఆ పిల్ల ఒక్కో అక్షరం చూసి, దాని ఆకారం అత్తగారి అరచేతిలో వేలితో గీస్తోంది. అరచెయ్యి చదివి పైడితల్లమ్మ గారు పేరు చెబుతోంది.

"గ. దాని నెత్తి మీద ఏముంది?"

కమల మళ్లీ గీసింది.

"అది ఏత్వం. గే. తరవాతది గియ్యి."

నన్ను చూసి కమల సిగ్గుపడింది. "అత్తయ్యకి అక్షరాలు వచ్చు, నజర్ లేదు. నాకు నజర్ ఉంది, అక్షరాలు రావు. పఢాయి అంతా హిందీలో అయింది కదా దీదీ. ఇద్దరం మిలాకే చదువుదామని."

నేను అక్కడే గోడకి ఆనుకుని కూచున్నాను. 'గేటు వేసి ఉంది' అన్న మొదటి వాక్యం పూర్తయ్యేసరికి నా టీ చల్లారిపోయింది. ఆ మూడు మాటలు రాయడానికి నేను అంత కష్టపడలేదు.

మధ్యాహ్నం బండికి బయల్దేరుతుంటే పైడితల్లమ్మ గారు గుమ్మం దాకా వచ్చింది. "గేటు ఎవులి కోసం ఏసినారమ్మా? తరవాత తీస్తారా?" అని అడిగింది. ఉత్సాహం పట్టలేక చెప్పబోయాను. దానికి జవాబు రెండో అధ్యాయంలో ఉంది, నిన్న నేను చదివింది మొదటిది ఒక్కటే. ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సెప్పకు. మేం సదూకుంటాం. నువ్వు రెండోది రాసి తెచ్చేలోపు ఇది అయిపోద్ది."

సూర్యనారాయణ గారు వెనక దారిన, పట్టాలు దాటించి, ప్లాట్‌ఫారం మీదకి చేర్చారు. మిగిలిన పుస్తకాలు లైబ్రరీలో ఉంచేశాను. తేలిక చేతులతో కిటికీ పక్కన కూచున్నాను. ఊరు దాటి పొలాలు మొదలయ్యాక సంచిలోంచి ఆ ఉపన్యాసం కాగితాలు తీసి, వెనక్కి తిప్పి, ఖాళీ వైపున రాయడం మొదలెట్టాను. ఎదురుగా శ్రీకాకుళం వెళ్తున్న పెద్దావిడ కాసేపు చూసి ఏం రాస్తున్నావమ్మా అని అడిగింది.

"ఉపన్యాసమండీ" అన్నాను.

"ఎక్కడివ్వాలి?"

"రాయపూర్‌లో. ఒక అత్తా కోడలూ అడిగారు."