అజాన్‌కి పది నిమిషాల ముందు

పోయిన రంజాన్‌లో తొండియార్‌పేటలోని మా మామూ ఇంటికి ఇఫ్తార్‌కు వెళ్లాను. నాకు షుగర్ ఉంది. డెబ్బైకి తగ్గితే వెంటనే విరమించాలన్న షరతు మీదే డాక్టర్ రోజా ఉపవాసం ఉండనిచ్చారు.

అందరం ఖర్జూరాలు ముందు పెట్టుకొని అజాన్ కోసం చూస్తుంటే, నాకు చెమటలు పట్టి చేతులు వణికాయి. మీటర్ అరవై రెండు చూపించింది. వెంటనే గ్లాసులో పంచదార నీళ్లు కలుపుకున్నాను.

"రేయ్, పది నిముషాలు ఆగలేవా? ఈడ ముసిలోళ్లే ఆగతా ఉండారే! పైన అల్లా చూస్తా ఉండాడ్రా!" అన్నాడు మామూ.

"చూస్తా ఉండాడు కదా మామూ, మీటర్లో అంకె గూడా కనిపిస్తా ఉంటుందిలే," అని అందరి ముందే గటగటా తాగేశాను. నేనేదో బిర్యానీ గిన్నెను కాలితో తన్నినట్టు చూశారందరూ.

ఆ రోజు తప్పిన రోజాను పండగ తర్వాత ఉండి తీర్చేశాను. మళ్లీ షుగర్ పడిపోతే మళ్లీ తాగుతాను. మామూ కుటుంబమంతా నా వల్ల ఆంబులెన్సులో ఇఫ్తార్ చేయడం నాకిష్టం లేదు.