జవాబు దాచుకోలేని మొహం

అక్కకి ఒకచోట నిలబడటం చేతకాదు. టీ కప్పు పట్టుకుని ఇల్లంతా తిరిగేది. అది ఏ గదిలో చల్లారుతోందో బావ వెతికి తెచ్చేవాడు. చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా "ఒక్కసారి లేచి నాలుగడుగులు వేస్తానే" అని నా చెయ్యి పట్టుకు లాగేది. అలాంటి మనిషి, యూనివర్సిటీలో మూడొందల మంది కూర్చునే హాల్లో భౌతికశాస్త్రం చెబుతూ, జవాబు తెలిసీ నోరు మూసుకోవాల్సిన పద్ధతి ఒకటి నెత్తికెత్తుకుంది.

తెర మీద ఒక ప్రశ్న, కింద మూడు జవాబులు. ప్రతి విద్యార్థి చేతిలో చిన్న రిమోట్. మొదట ఎవరికి వాళ్ళు ఆలోచించుకుని మీట నొక్కాలి. తర్వాత పక్కవాళ్ళతో వాదించుకోవాలి. మళ్ళీ నొక్కాలి. అప్పుడు గానీ అక్క జవాబు చెప్పదు. అదే విభాగం ప్రయోగశాలలో పనిచేసే నాకు రిమోట్లు పంచి, తిరిగి ఏరుకునే పని పడింది.

మా విభాగం హెడ్ గారికి ఇది మింగుడు పడలేదు. "అది క్లాసా, సంతా? పక్క గదిలో పాఠం సాగనివ్వరా?" అనేవారు. రెండో ఓటులో నూటికి తొంభై మంది సరైన జవాబు నొక్కుతున్నారని అక్క చూపించాక కాస్త మెత్తబడి, తనే వచ్చి చూస్తానన్నారు. నచ్చితే సరే. లేకపోతే వచ్చే టర్ము నుంచి రిమోట్లు బీరువాలోకి, క్లాసు వేరేవాళ్ళ చేతికి.

ఆయన వచ్చే ముందురోజు రిమోట్లు ఏరుతుంటే, వెనక బెంచీలో ఒక పిల్ల స్నేహితురాలికి కిటుకు చెబుతోంది.

"ఎందుకే అంత బుర్ర బద్దలుకొట్టుకుంటావ్? మేడం మన పక్కనుంచి వెళ్ళేటప్పుడు మొహం చూడు. తప్పు మాట్లాడితే పన్నునొప్పి వచ్చినట్టు పెడుతుంది. కరెక్టయితే వెలిగిపోతుంది. చూసి నొక్కెయ్, అంతే!"

ఆ మాట మర్నాడు మెట్లెక్కుతుండగా అక్క చెవిన వేశాను.

"ఇప్పుడా చెప్పేది!"

"రాత్రి నువ్వు ఫోన్ ఎత్తితేగా!"

"అంత తెలిసిపోతుందా నా మొహం?"

"ఇదిగో, ఇప్పుడూ తెలిసిపోతోంది."

అక్క నవ్వలేదు. రెండేసి మెట్లు ఎక్కేసింది.

ఆ రోజు ప్రశ్న సులువైనదే. పైకి విసిరిన బంతి చిట్టచివరి ఎత్తులో ఆగినట్టుండే క్షణంలో దాని మీద బలం ఎటు? పైకా, కిందికా, అసలు లేదా? మొదటి ఓటులో ఎక్కువమంది "లేదు" అన్నారు. వెనక కూర్చున్న హెడ్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"మాట్లాడుకోండి" అని అక్క బెంచీల మధ్యకి వచ్చింది. హాలంతా ఆమె వైపే తలలు తిప్పింది. అక్క జేబురుమాలుతో నోరు కప్పుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క గిరుక్కున వెనుదిరిగి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

"ఏమ్మా, ఆవిడకి ఒంట్లో బాగాలేదా?" అన్నారు హెడ్ గారు.

"బాగానే ఉందండీ" అంటూ నేనూ పరుగెత్తాను.

అక్క వరండాలో తలుపుకి చెవి ఆనించి ఉంది.

"ఏమంటున్నారే?"

"గోలగా ఉంది. ఏం వినబడుతుంది?"

"ముందు వరసలో పొడుగు కుర్రాడు లేడూ, ఆగిన బంతికి బలమేమిటని అందర్నీ తనవైపు తిప్పేస్తున్నాడు. భూమి లాగడం ఎక్కడ మానిందిరా నాయనా! ఒక్క మాట చెప్పొస్తానే."

"అక్కా!"

గొళ్ళెం మీది చెయ్యి తీసేసింది. మళ్ళీ వేసింది. వరండా ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. లోపల ఎవరో బల్ల చరిచారు.

"కొట్టుకుంటున్నారేమో!"

"కొట్టుకోనీ. రా ఇటు."

మేం లోపలికి వెళ్ళాక, రెండో ఓటులో "కిందికి" అన్నవాళ్ళు సగానికి కాస్త పైన. అక్క జవాబు వివరించి క్లాసు ముగించేసరికి హెడ్ గారు బల్ల దగ్గర ఉన్నారు.

"తొంభై అన్నారు. ఇదేమిటి? పైగా క్లాసు వదిలేసి పోయారు!"

"ఆ తొంభై నా మొహం చూసి నొక్కిందండీ. ఇవాళ్టిది వాళ్ళకి వాళ్ళు తేల్చుకున్నది. నాకిదే కావాలి."

"ఈ ముక్క ఫైల్లో ఎలా రాయనమ్మా?" ఆయన తల గోక్కున్నారు. "ఆ బల్ల చరిచిన పిల్ల నన్ను కూడా వాదనలోకి లాగిందనుకోండి... సరే, ఇంకో టర్ము చూద్దాం. కానీ మీరు గది దాటడానికి వీల్లేదు."

తర్వాతి క్లాసులో అక్క గది దాటలేదు. "మాట్లాడుకోండి" అని, గోడవైపు తిరిగి నిలబడింది. వెనక్కి పెట్టుకున్న చేతుల్లో సుద్దముక్క పొడి అయిపోతోంది.

"మేడం, మా మీద అలిగారా?" అని ఎవరో అడిగారు. హాలంతా నవ్వు.

"నేనిక్కడ లేననుకోండి" అంది అక్క, అటు తిరిగే. "మీరు కానివ్వండి."

నవ్వు ఆగింది. గోల మొదలైంది.