అన్ని శాఖలకూ ఒకే కార్డు

ఊళ్లోని గ్రంథాలయాలన్నీ ఒకటి కావాలని ముద్రక్క కోరుకున్నంతగా ఇంకెవరూ కోరుకోలేదు.

ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. పుస్తకం వెనకట్ట తెరిచి, తేదీ ముద్ర కొట్టి, సిరా ఆరేదాకా నోటితో ఊది ఇస్తుంది గనక పాఠకులే ఆ పేరు పెట్టారు. భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరింది. ఇంట్లో పలకరించే దిక్కు లేని ఆ రోజుల్లో, బీరువాల మధ్య నడుస్తుంటే పుస్తకాలు తనకేసి వీపు పెట్టి కూర్చున్న జనంలా కనిపించేవి. నెమ్మదిగా ఒక్కొక్కటే ఇటు తిరిగింది.

ఆమె మనసులో ముల్లు ఒక్కటే. ఏ శాఖకు ఆ శాఖదే కార్డు. ఇక్కడ లేని పుస్తకం వంతెన అవతల ఉందో లేదో తెలియాలంటే ఎండలో నడిచి వెళ్లి అడగడమే. ఒక నవల రెండో భాగం కోసం శాఖలన్నీ తిరిగిన తాత ఒకాయన, చివరికి మొదటి భాగాన్ని కూడా బల్ల మీద పెట్టేసి, "మిగతా కథ నువ్వే కల్పించి చెప్పు తల్లీ, నా మోకాళ్లు ఇంక చదవలేమంటున్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు. ముద్రక్కకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పట్నించీ ఏ సమావేశం జరిగినా లేచి నిలబడి ఇదే పాట. పై అధికారులు ఆమెను చూడగానే గడియారం చూసుకునేవారు.

ఎట్టకేలకు ఆ రోజు వచ్చింది. ఊరంతటికీ ఒకే కార్డు. ఎక్కడైనా తీసుకోవచ్చు, ఎక్కడైనా తిరిగివ్వచ్చు. అడిగిన పుస్తకం వ్యాన్‌లో కోరిన శాఖకు చేరుతుంది, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. వంతెన శాఖలో పనిచేసే ఆమె ఆడపడుచు ఫోన్ చేసి, "మొత్తానికి మనల్ని మళ్లీ ఒకే కొంపలో పడేశావు కదా వదినా!" అంది.

రెండేసి కార్డులున్న వాళ్లవి ఒకటి చేసే పని ముద్రక్కే అడిగి తీసుకుంది. ఒకే పేరు, ఒకే పుట్టినరోజు ఉన్న కార్డులను కంప్యూటర్ జతగా చూపిస్తుంది. మీట నొక్కితే కలిసిపోతాయి. ఉతికిన మేజోళ్లకు జత కుదుర్చుతున్నంత హాయిగా ఉండేది ఆమెకు. ఒక జత దగ్గర మాత్రం వేలు కాసేపు ఆగింది. ఎప్పుడో ఈ శాఖలో తీసుకున్న కార్డు ఒకటి, ఈమధ్యే వంతెన శాఖలో తీసుకున్నది ఒకటి. చిరునామాలు వేరు, ఫోన్ నంబర్లు వేరు. తేడా వస్తే పాతవే ఉంచాలని నిబంధన. నొక్కేసింది.

తర్వాత కొద్దిరోజులకు ఒకాయన వచ్చాడు. మడత నలగని చొక్కా, మెత్తటి గొంతు. లోపలికి అడుగుపెట్టే ముందు చెప్పులు గోనెపట్టా మీద శుభ్రంగా తుడుచుకున్నాడు.

"నమస్కారమండీ. మా ఆవిడ ఏదో పుస్తకం అడిగిందట. వంతెన శాఖకు పంపుతున్నామని నా ఫోన్‌కి మెసేజొచ్చింది. ఎప్పటికి చేరుతుందండీ?"

తన కల ఇలా నడిచొచ్చి ఎదురుగా నిలబడినందుకు ముద్రక్క మొహం విప్పారింది. ఆయన చూపించిన మెసేజ్‌లో పేరు చూసి వెతికింది. "ఇదిగో, ఈ పెట్టెలోనే ఉందండీ. రేపు పొద్దున వ్యానెక్కుతుంది."

"తను అక్కడికి తరచూ వెళ్తుంటుందా?"

"చూస్తానుండండి... వారంవారం వెళ్తున్నారే! మళ్లీ రేపే వెళ్లే రోజు. పిల్లల బొమ్మల పుస్తకాలు కూడా తీసుకుంటున్నారు."

"ఓహో. పాప చదవడం నేర్చుకుందన్నమాట."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "నేనొచ్చి అడిగానని చెప్పకండేం. వాళ్లని ఆశ్చర్యపరుద్దామని."

ఆయన వెళ్లాక కూడా తలుపు కాసేపు అటూ ఇటూ ఊగుతూనే ఉంది. పాప చదువుతోందో లేదో బయటివాళ్ల నోట విని తెలుసుకునే తండ్రి ఎలాంటి తండ్రి? ముద్రక్క ఫోన్ తీసింది.

"ఏం వదినా, పొద్దున్నే నా గొంతు వినకపోతే పొద్దుపోదా?"

"మీ దగ్గరికి పాపతో ఒకావిడ వస్తుందా, వారంవారం?"

"గోడకి వీపు ఆనించి కూర్చుంటుందే, ఆవిడా? తలుపు చప్పుడైతే చాలు, పిల్ల చెయ్యి పట్టేసుకుంటుంది. నా కోసం ఎవరొచ్చి అడిగినా తెలీదని చెప్పండి అంది మొదటిరోజే. ఇక్కడెవరడుగుతారమ్మా అని నవ్వాను. ఏం?"

"నేను చెప్పేశాను."

"ఎవరికి?"

"వాళ్లాయనకి."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"రేపు రావద్దని ఆవిడకి ఫోన్ చెయ్యి" అంది ముద్రక్క.

"ఏ నంబరుకి చెయ్యను వదినా? నా దగ్గరున్న నంబరు నువ్వు కలిపినప్పుడే పోయిందిగా."

ముద్రక్క తెర ముందు కూర్చుని వెతికింది. కలపడానికి మీట ఉంది గానీ, విడదీయడానికి లేదు. పాత కార్డు మీదున్నది ఆయన నంబరే, మెసేజ్ ఏది వెళ్లినా ఆయనకే వెళ్తుంది. ఆ మాట తట్టాక ఆమె లేచి, పెట్టెలోంచి ఆ పుస్తకం తీసి తన బల్ల సొరుగులో పెట్టింది. పుస్తకం అందుకునే చోటు వంతెన శాఖ కాదని, ఈ శాఖేనని మార్చింది. మెసేజ్ వెళ్లిందని తెర మీద కనిపించాక ఆయన నంబరు చెరిపేసింది.

మర్నాడు తలుపు తీసేసరికి ఆయన మెట్ల మీద ఉన్నాడు.

"పుస్తకం ఇక్కడికే మారిందటగా?"

"అవునండీ. ఆవిడే మార్పించుకున్నారు." ఆ బల్ల దగ్గర కూర్చుని ఆమె అబద్ధం చెప్పడం అదే మొదలు.

ఆయన గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పేపరైనా ముట్టుకోలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆయన తల మాత్రమే కదిలేది. పాఠకులు ఎందుకో గొంతులు తగ్గించుకున్నారు. ముద్రక్క ముద్ర కొట్టిన చోటే మళ్లీ కొట్టింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"వచ్చారు వదినా. పెరటి గుమ్మంలోంచి పంపించేశా. ఇంక ఈ శాఖకి రానంది. ఎక్కడికెళ్తావమ్మా అంటే, పుస్తకాలున్న చోటికి ఎక్కడికో అంది."

ఆయన ఇటే చూస్తున్నాడు. "చీపుళ్లు వచ్చాయన్నమాట. మంచిది, లోపల పెట్టించు" అని ముద్రక్క ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం ఎండ కిటికీ దిగుతుండగా ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు.

"రాలేదండీ."

"రాలేదు."

"పర్లేదు. చదవకుండా ఉండలేదు తను. ఎక్కడో ఒకచోట చదువుతూ ఉంటుంది." జేబులోంచి గుర్తింపు పత్రం తీసి, అంచులు సరిచేసి బల్ల మీద పెట్టాడు. "నాక్కూడా ఒక కార్డు చేసివ్వండి."

ఊళ్లో ఉన్నవాళ్లెవరు అడిగినా ఇవ్వాలి. వద్దనే హక్కు ఆమెకు లేదు. అలాంటి హక్కు ఎవరికీ ఉండకూడదని సమావేశాల్లో గొంతు చించుకున్నది కూడా ఆమే. ఆయన చెబుతుంటే ఒక్కో అక్షరమే కొట్టింది. యంత్రం గుర్రుమని కార్డును బయటికి నెట్టింది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

"చాలా సౌకర్యం చేశారండీ" అన్నాడు ఆయన, కార్డు జేబులో వేసుకుంటూ.

గుమ్మం పక్క గోడకు ఊళ్లోని శాఖలన్నిటి చిరునామాలూ, తెరిచే వేళలూ, చూపు ఆననివాళ్లు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో అంటించి ఉన్నాయి. ఆయన దాని ముందు ఆగాడు. ఒక్కో వరుస మీదా వేలు పెట్టి, తొందరేమీ లేకుండా చదవసాగాడు. పొద్దుట్నించీ ఆయన చదివింది అదొక్కటే.