చాందిని ఏం తిన్నట్టు?

2023 ఎండాకాలం. మాచర్లలో పశువుల డాక్టరుగా నా దగ్గరికి వచ్చేవి గేదెలు, మేకలు, అప్పుడప్పుడూ కుక్కలు. గుర్రం గురించి చదివిందే తప్ప చూసింది తక్కువ. ఓ పొద్దున మస్తాన్ గారు తన తెల్ల గుర్రం చాందినిని మెల్లగా నడిపించుకొచ్చారు. పెళ్లి ఊరేగింపులకు దాన్ని తిప్పడమే ఆయన పని. భార్య పోయాక ఇంట్లో ఆయనా, పెరట్లో అదీ, అంతే.

"డాక్టరమ్మా, ఉచ్చ ఎర్రగా పోస్తంది. మేత ముట్టట్లేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

చిగుళ్లు పాలిపోయి, పసుపు తిరిగి ఉన్నాయి. గుండె దడదడా కొట్టుకుంటోంది. జ్వరం లేదు, పిడుదుల జాడ లేదు. మితిమీరి పరిగెత్తిస్తే కండరాలు దెబ్బతిని మూత్రం రంగు మారే జబ్బొకటుంది, టైయింగ్ అప్ అంటారు. అదేమోననుకుంటే, "ఈ మధ్య ఊరేగింపులే లేవమ్మా, నీడనే కట్టేసి ఉంది" అన్నారు.

బ్లడ్ స్మియర్ చేశాను, అంటే గాజుపలక మీద రక్తాన్ని పల్చగా పూసి మైక్రోస్కోపులో చూడటం. పరాన్నజీవి ఒక్కటీ లేదు. ఎర్రకణాల అంచుల్లో మాత్రం ఏవో బుడిపెలు. రంగు సరిగ్గా పట్టలేదేమోనని మళ్లీ చేశాను. మళ్లీ అవే. నా తల తిరిగిపోయింది.

"ఏం పెడుతున్నారు?"

"ఉలవలు, తవుడు, పచ్చగడ్డి. ముద్దుకి క్యారెట్, అరటిపండు, పుచ్చకాయ. యాపిల్ అయితే గింజలు తీసే పెడతా. అల్లా సాక్షిగా చెడ్డదేదీ పెట్టలేదమ్మా."

అన్నీ గుర్రం తినదగినవే. మరి ఇదేం జబ్బు తల్లీ అనుకుంటూ సెలైన్ ఎక్కించి పంపాను. మర్నాటికి ఇంకా నీరసపడింది. ఫోన్ చేస్తే మా సీనియర్ "విషపు మొక్కేదైనా తిందేమో చూడు" అన్నారు. సాయంత్రం వాళ్లింటికెళ్లి పెరడంతా గాలించాను. గన్నేరు లేదు, ఆముదం లేదు. ఏడుపొక్కటే తక్కువ నాకు.

అప్పుడు మస్తాన్ గారు గిన్నెతో బయటికొచ్చారు. దాన్నిండా ఏదో చితక్కొట్టి, బెల్లంతో కలిపింది. ముద్ద చేసి చాందిని నోటి దగ్గర పెట్టారు. మేత ముట్టని గుర్రం అది మాత్రం అందుకుంది.

"ఆగండాగండి! ఏంటది?"

"ఉల్లిపాయమ్మా. ఎండలు చూశారుగా, నిప్పులు చెరుగుతన్నాయి. వడదెబ్బ తగలకుండా రోజూ పెడతన్నా. జబ్బు చేసిన కాడి నుంచి ఇంకా చానా పెడతన్నా."

"నిన్న అడిగితే చెప్పలేదేం?"

"మీరు మేత అడిగారు. ఇది మందు కదమ్మా."

ఎండన పడి తిరిగేవాళ్లు జేబులో ఉల్లిపాయ వేసుకునే ఊళ్లు మావి. కోపం ఎవరి మీద తెచ్చుకోను? గిన్నె లాక్కుని చెప్పాను. ఉల్లి గుర్రం ఒంట్లో ఎర్రకణాలను పగలగొడుతుంది, ఆ ఎరుపే ఉచ్చలోకి దిగింది. నేను చూసిన బుడిపెలు దాని గుర్తులే, హైంజ్ బాడీస్ అంటారు.

ఆయన అరుగు మీద కూలబడ్డారు. "మనకు చలవ చేసేది దానికి ఇసమా? అయితే నేనే చంపుతన్నానా దాన్ని?"

"తెలిసి పెట్టలేదుగా" అన్నాను. ఆ మాట ఆయనకు ఎక్కలేదు.

ఉల్లి ఆపి, సెలైన్ పెడుతూ పోతే చిగుళ్లకు మెల్లగా రంగొచ్చింది. గండం గడిచాక ఏం పెట్టొచ్చో చెప్పాను. క్యారెట్ చక్రాలుగా కోస్తే గొంతులో అడ్డం పడుతుంది, పొడవుగా చీల్చాలి. పుచ్చకాయ తొక్కతో సహా పెట్టొచ్చు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, టమాటా, క్యాబేజీ జోలికి పోవద్దు.

"తొక్క తినొచ్చు గానీ ఉల్లి తినకూడదా? ఇదేం లెక్కమ్మా?" ఆయనకు అంతా అయోమయం. అప్పట్నుంచీ ఫోన్లే. "కీరదోస? బీట్‌రూట్?"

ఆ కేసు తర్వాత ఏ పశువు వచ్చినా మేత ఒక్కటే అడిగి ఊరుకోను. మందు అని ఏం పెడుతున్నారు, ప్రేమతో ఏం పెడుతున్నారు అని గుచ్చి గుచ్చి అడుగుతాను. జనం విచిత్రంగా చూస్తారు, చూడనీ.

చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు ఆయన చీల్చిన క్యారెట్ నా చేతిలో పెట్టారు.

"మీరే పెట్టండమ్మా. నా చేతి మీద నాకు నమ్మకం పోయింది."

చాందిని నా చెయ్యి వాసన చూసి తల తిప్పేసుకుంది. గోడవార నిలబడ్డ ఆయన దగ్గరికెళ్లి, వెనక్కి దాచుకున్న చేతిని మూతితో పొడుస్తూ నిలబడింది.