ఓడిన ఏడాది మా రాహేలు మేడమ్

పోయిన బుధవారం ఉదయం జూలూరుపాడులో మా బడి మైదానంలో పిల్లల చేత వ్యాయామం చేయిస్తున్నాను. సెల్‌ఫోన్ మోగింది. అవతల ఒకప్పుడు నాతో పాటు జట్టులో ఆడిన ముత్తమ్మ. “సుజాతా, మేడమ్ పోయింది” అన్నది. ఎదురుగా పిల్లలు చేతులు పైకెత్తి నా మాట కోసం చూస్తున్నారు. దించమని చెప్పాలన్న స్పృహ నాకు లేకపోయింది. చివరికి ఒక పిల్ల “మేడమ్, చేతులు గుంజుతున్నయ్” అంటే గాని నేను ఈ లోకంలోకి రాలేదు.

రాహేలు మేడమ్ ఇక లేరు. ఖమ్మంలో ఒక గ్రానైటు కంపెనీ జీతాలిచ్చి నడిపిన మహిళా బాస్కెట్‌బాల్ జట్టుకు ఆమె చిరకాలం శిక్షకురాలు. మధిర దగ్గరి ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టి, తాను స్వయంగా ఆడి, ఆడిన కాళ్లు ఇక వద్దన్నాక ఇతరులను ఆడించడానికి అంకితమైన ధన్యజీవి. మూత్రపిండాల వ్యాధి ఆమెను మా నుండి అపహరించింది.

ఆదివారం నాడు ఖమ్మంలో సంతాపసభ జరిగింది. వేదికనెక్కిన పెద్దలందరూ ఆమె తెచ్చిన కప్పుల గురించి ప్రసంగించారు. పాత జట్టు విజయపరంపరను వర్ణించారు. సంతోషమే. కాని ఒక్కరైనా మేము ఓడిన ఏడాది మాట ఎత్తలేదు. చనిపోయిన మనిషి గౌరవానికి అది మచ్చ అనుకున్నారో ఏమో! నేను ఆ ఏడాది జట్టులో ఆడినదాన్ని. ఆ ఏడాదిని దాచిపెట్టి ఆమెను స్మరించడమంటే ఆమెను సగం పాతిపెట్టడమే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒకే వేసవిలో పాత జట్టు చెదిరిపోయింది. ఆటగత్తెల్లో చాలామందికి క్రీడాకారుల కోటాలో సర్కారు కొలువులొచ్చాయి. పెళ్లయి వెళ్లిన వారు కొందరు. ఆఫీసు అద్దాల బీరువాలో కప్పులు మిగిలాయి, కోర్టు మీద మనుషులు మిగల్లేదు. కంపెనీ ఛైర్మన్ గారు కప్పులంటే ప్రాణం పెట్టే మనిషి. “కేరళ నుంచి ఆడేటోళ్లను తెప్పిస్త. వచ్చే ఏడు గూడ కప్పు మనదే” అన్నారట. అప్పుడు మేడమ్ అన్న మాటను ఆమె నోటనే విన్నాను: “తెప్పిస్తే కప్పు వస్తుంది సార్, జట్టు రాదు. నేను ఈ జిల్లా పిల్లలతో కడతాను. కట్టేటప్పుడు ఓడతాం. ఆ సంగతి ముందే చెబుతున్నా.”

ఆయన ఎందుకు ఒప్పుకున్నారో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆమెతో వాదించి గెలిచిన వారిని మాత్రం నేను చూడలేదు.

అలా మేడమ్ అడవి అంచు వరకు తిరిగారు. ఏన్కూరు దగ్గరి మా తండాకు వచ్చిన రోజు మా నాయన మిరప కల్లంలో ఉన్నాడు. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య నిలబడి ఆమె మాట విని నవ్వాడు. “ఆడపిల్ల బంతాడితే జీతమిస్తరా? గిదేం కథ మేడమ్?” అన్నాడు. ఘాటుకు తుమ్ముతూనే మేడమ్ జవాబిచ్చారు: “ఇస్తారన్నా. బడి పోటీల్లో మీ అమ్మాయి పరుగు చూశాను. ఈ పరుగును కల్లంలో ఆరబెట్టకండి.” నాయన కాయలు నాలుగుసార్లు ఎగదోశాడు. చివరికి “తీస్కపో. ఏడిస్తే మాత్రం తోలియ్యి” అన్నాడు.

పినపాక అవతలి కోయ గూడెం నుండి వచ్చింది ముత్తమ్మ. తను చదివే హాస్టల్లో అందరికంటే పొడుగు. తోటిపిల్లలు వెక్కిరిస్తారని ఎప్పుడూ నడుం వంచి నడిచేది. మేడమ్ ఆమెతో అన్న మొదటి మాట, “వంగకు. నిన్ను ఇంత ఎత్తు చెయ్యడానికి దేవుడు కష్టపడ్డాడు.” ముత్తమ్మ ఆ రోజు నిటారుగా నిలబడింది. మళ్లీ ఎన్నడూ వంగలేదు.

మా కోర్టు గ్రానైటు రాళ్లు కోసే షెడ్ల వెనుక ఉండేది. రోజంతా రంపాల రొద. తెల్లటి రాతిపొడి వచ్చి నేల మీద పేరుకునేది. బంతి పట్టకముందే చీపుర్లు పట్టేవాళ్లం. పాత జట్టు వాళ్ల జెర్సీలు మాకు వదులై భుజాలు జారుతుంటే పిన్నీసులు పెట్టుకునేవాళ్లం. మొదటిరోజే మేడమ్ మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, “మీకు అబద్ధం చెప్పను. ఈ ఏడాది ఓడతాం. ఓడటం చేతకాని వాళ్లు ఇప్పుడే ఇంటికి వెళ్లొచ్చు” అన్నారు. ఎవరమూ లేవలేదు. నిజానికి ఆమె అన్నది మాకు అర్థం కాలేదు.

అర్థమవడానికి ఆట్టే కాలం పట్టలేదు. ఆ ఏడాది మేము ఆడిన ప్రతి ఆటా ఓడిపోయాం. హైదరాబాదులో ఓడాం, వరంగల్లులో ఓడాం, విజయవాడలో ఓడాం. పేపర్లో మా వార్త రోజురోజుకూ చిన్నదై ఆఖరికి ఒక వాక్యమైంది. మేము కోర్టులోకి దిగితే ప్రేక్షకులు టీ తాగడానికి లేచేవారు.

విజయవాడ ఆట నా కళ్ల ముందు నుండి పోదు. సగం ఆట అయ్యేసరికి ఎదుటి జట్టు మాకు అందనంత దూరం పోయింది. నిర్వాహకుడు ఒకాయన మేడమ్ దగ్గరకు వచ్చి, దయతోనే, “ఇంకేం ఆడతారమ్మా! ఇంతటితో ఆపేద్దాం, పిల్లలకు కూడా ఇబ్బంది” అన్నాడు. మేడమ్ కుర్చీలోంచి లేచారు. ఆమె పొట్టి మనిషి, ఆయన భుజం దాటరు. “మా పిల్లలు బస్సులో నిలబడి ప్రయాణం చేసి వచ్చింది సగం ఆట కోసం కాదండీ. ఓడతారు. మొత్తం ఆడి ఓడతారు. అది వాళ్ల హక్కు” అన్నారు. ఆయన తలవంచుకొని వెళ్లిపోయాడు. మేము మొత్తం ఆడాం. చివరి ఈల మోగేదాకా ముత్తమ్మ ప్రతి బంతికీ ఎగిరింది.

తిరుగు బస్సులో నేను ఏడ్చాను. మేడమ్ పక్కన కూర్చొని వేయించిన పల్లీల పొట్లం నా చేతిలో పెట్టారు. “ఏడువ్. కాని కిటికీలోకి తిరిగి ఏడవకు. ఇటు తిరిగి ఏడువ్. మేమంతా నీవాళ్లమే” అన్నారు.

ఆమెకు ఒక నియమం ఉండేది. ఓడి వచ్చిన మరునాడు జెర్సీలు వేసుకొని ఖమ్మం బజారు నడుమ నుండి టిఫిన్ హోటలుకు నడిచి వెళ్లాలి. గెలిచిన జట్టు ఊరేగడం లోకానికి తెలుసు, మేము ఓడి ఊరేగేవాళ్లం. ఒకసారి హోటల్లో ఎవరో గట్టిగా, “ఏం పిల్లా, ఈసారన్న ఒక్క బుట్ట ఏసిన్రా?” అన్నాడు. బల్లలన్నీ పకపకలాడాయి. నేను దోసె మీదికి తలవంచేశాను. మేడమ్ మాత్రం అతని వైపు కుర్చీ తిప్పుకొని, “వేశారు. మీరు చూడలేదు. ఏడాది చివరి ఆట ఇక్కడే, వచ్చి చూడండి. టికెట్ లేదు” అని, మా వైపు తిరిగి “చట్నీ ఇంకాస్త వేయించుకోండర్రా” అన్నారు.

ఎదుటి జట్లకు మా కేకలు వింతగా ఉండేవి. మేడమ్ ముత్తమ్మ దగ్గర కోయ మాటలు, నా దగ్గర లంబాడీ మాటలు నేర్చుకొని కుడి, ఎడమ, వెనక్కి, వదులు అనే సంకేతాలన్నీ వాటితోనే కట్టారు. ఆమె ఉచ్చారణకు మేమే పొట్టచెక్కలయ్యేట్టు నవ్వేవాళ్లం. హైదరాబాదులో ఒక అంపైర్ “ఇదేం భాష?” అంటే “మా జట్టు భాష” అన్నారు, అంతే. నలుగురిలో గొంతు తగ్గించి మాట్లాడుకునే మా ఇళ్ల మాటలు అక్కడ నిండు మైదానంలో మార్మోగాయి.

సంవత్సరాంతపు పోటీలు ఖమ్మంలోనే. అవి దగ్గర పడుతుండగా ఛైర్మన్ గారు మేడమ్‌తో పాటు మమ్మల్నీ ఆఫీసుకు పిలిపించారు. “ఈసారి ఆడొద్దు. బయట ఓడితే ఓడిన్రు. నా ఊళ్లె, నా పేరు మీద ఓడితే నేనెట్ల తిరగాలె?” అన్నారు. ఆయన కళ్లలో కోపం కంటే నొప్పి కనిపించింది నాకు. జట్టును అక్కడితో మూసేయాలన్న ఉద్దేశమూ ఆ మాటల్లో తెలుస్తూనే ఉంది. మూస్తే నేను మిరప కల్లానికి, ముత్తమ్మ గూడేనికి.

మేడమ్ స్వరం పెంచలేదు. “మీ పేరు వద్దనుకుంటే తీసేయండి సార్. పిల్లలు వాళ్ల ఊళ్ల పేర్లు రాసుకొని ఆడతారు.”

“రాసుకోనీ! నాకేంది!” అన్నారాయన, మొహం తిప్పుకొని.

మేడమ్ భర్త దైవదానం గారు దుకాణాల బోర్డులు రాసే చిత్రకారుడు. మితభాషి. ఆ సాయంత్రం వాళ్ల వరండాలో జెర్సీలన్నీ పరచుకొని, కంపెనీ పేరు మీద తెల్లగుడ్డ కుట్టించి, దాని మీద ఎర్రరంగుతో ముత్యాల్లాంటి అక్షరాలు దిద్దారు. ఏన్కూరు. పినపాక. జూలూరుపాడు. మా ఊరి పేరు అంత అందంగా రాసి ఉండటం నేను అదివరకు బస్సు బోర్డు మీద కూడా చూడలేదు.

ఆ కబురు ఎలా పాకిందో గాని ఆట రోజుకు మా ఊళ్ల వాళ్లు బస్సులెక్కి వచ్చారు. మా నాయన తలపాగాతో ముందు వరుసలో కూర్చున్నాడు. ఎదుటి జట్టు ఆ ఏటి విజేత. ఆట మొదలైంది. “పినపాకా, ఎగురు!” అని ఒక మూల నుంచి కేక. “ఏన్కూరూ, ఉర్కు!” అని ఇంకో మూల నుంచి. ముత్తమ్మ బోర్డు కింద బంతిని గాల్లోనే అందుకుంటోంది. నేను ఉరుకుతున్నాను. ఏడాది పొడుగునా తప్పిన పాసులు ఒకదాని వెనుక ఒకటి చేతుల్లో వాలుతున్నాయి. అలా మేము వరుసగా బుట్టలు వేస్తుంటే ఉన్నట్టుండి ఈల మోగింది. ఎదుటి జట్టు శిక్షకుడు టైమ్ అవుట్ అడిగాడు.

ఏడాదంతా టైమ్ అవుట్ అడిగింది మేమే. మాకు జడిసి ఒకరు ఆట ఆపించడం అదే మొదలు. మేడమ్ దగ్గరకు పరుగెత్తుకు వెళ్లాం. “చూశారా? మీ గురించి మాట్లాడుకోవడానికి ఆట ఆపారే వాళ్లు! మీ గురించే!” అన్నారామె. ఆ విరామంలో ఆమె మాకు ఇంకే సూచనా చెప్పలేదు. ఎదుటి జట్టు గుంపుగా నిలబడి తర్జనభర్జన పడటాన్ని, నీళ్లు కూడా తాగకుండా, అందరం కలిసి చూస్తూ నిలబడ్డాం.

ఆట ఓడిపోయాం. దాన్ని మార్చి రాయను. కాని జనం లేచి వెళ్లలేదు. ఛైర్మన్ గారు వెనుక వరుసలో నిలబడి ఉన్నారని మాకు తరువాత తెలిసింది. ఆయన జట్టును మూయలేదు. మరుసటి ఏడు కొత్త జెర్సీలు వచ్చాయి. కంపెనీ పేరు కింద మా ఊళ్ల పేర్లూ ఉన్నాయి. ఆ ఏడు మేము గెలవడం మొదలుపెట్టాం. కొన్నేళ్ల తరువాత వ్యాపారం తగ్గి కంపెనీ జట్టును నడపలేకపోయింది, అది వేరే సంగతి. అప్పటికి ముత్తమ్మ పోలీసు కొలువులో చేరింది, నేను వ్యాయామ ఉపాధ్యాయురాలినయ్యాను.

మొన్నటి ఎండాకాలంలో దవాఖానాకు వెళ్లి మేడమ్‌ను చూశాను. మంచానికి అంటుకుపోయిన శరీరం, చెక్కుచెదరని చూపు. నా ఆరోగ్యం, నా కుటుంబం గురించి అడగలేదు. “మీ బడి జట్టు ఎలా ఆడుతోంది?” అన్నారు.

“ఓడుతున్నరు మేడమ్.”

“ఓడనీ. పిల్లల్ని మార్చకు” అన్నారు. అంతలో నర్సు వచ్చి మాట్లాడొద్దంటే, “ఇది మాట కాదమ్మా, కోచింగ్” అన్నారు.

ఇక గురువారం నాటి అంత్యక్రియల సంగతి. ప్రార్థన ముగిసి శవపేటిక లేపే వేళకు మేము ఆటగత్తెలం ముందుకు వెళ్లాం. పెద్దమనిషి ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆడోళ్లు మోసుడేంది? ఎక్కడన్న ఉన్నదా? మొగోళ్లున్నరు గద, జరగున్రి” అన్నాడు. పాస్టరు గారు దైవదానం గారి వైపు చూశారు. భార్య పోయినప్పటి నుండి ఆయన నోట మాట రాలేదని అందరూ అనుకుంటున్నారు. ఆయన మెల్లగా లేచి ఆ పెద్దమనిషి చేతిని పక్కకు జరిపారు.

“ఆమె పిల్లలు వాళ్లు. ఎత్తుకోనీ” అన్నారు.

ఎత్తుకున్నాం. ముత్తమ్మ పొడుగు వల్ల పేటిక ఒక పక్కకు ఒరిగింది. వంగుదామని ఆమె మోకాళ్లు మడవబోతే “వద్దు, నువ్వు నిలబడు” అన్నాను. పొట్టివాళ్లం మేమే చేతులు పైకి చాచి పేటికను ఆమె ఎత్తుకు లేపాం. సమాధుల దొడ్డి వరకు అలాగే, ఎక్కడా దించకుండా, ఎవరికీ భుజం మార్చకుండా మోసుకెళ్లాం. దారిలో దుకాణాల వాళ్లు లేచి నిలబడ్డారు.

మా కొరకు ఓడిన తల్లీ, నీకు ప్రణామం. గెలిచేవారికి శిక్షకులు ఎప్పుడూ దొరుకుతారు. ఓడుతున్న మా పక్కన కుర్చీ వేసుకొని కూర్చునే మనిషి ఇంకొకరు ఈ జిల్లాలో లేరు.