కోత పండుగ బల్ల మీద సీమఎలుక

ఏం పరిశోధన చేస్తున్నావని ఎవరైనా అడిగితే చాలా ఏళ్లు నా గొంతు దానంతటదే తగ్గిపోయేది. అవి ఎనభైల మొదటి రోజులు. కరీంనగర్‌లో ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్తూ, దక్షిణ అమెరికా చిన్న జంతువుల మీద థీసిస్ రాస్తుండేదాన్ని. ఆ ఖండాన్ని నేను పటంలో తప్ప చూడలేదు. ఎలుకల కోసం ఉట్నూర్ అడవికి జీపులో ఒకసారి వెళ్లడం, థీసిస్ చూసే గైడ్‌ను కలవడానికి వరంగల్ బస్సెక్కడం, నా ప్రపంచయాత్ర అంతే. దొరికిన జంతువులన్నా అడవివి కావు. గినీ పిగ్గులు, ప్రయోగశాలలకు అమ్మే పెంపుడువి. మా వాడలో వాటిని సీమఎలుకలు అనేవారు, నన్ను ఎలుకల మేడం అనేవారు. నా విద్యార్థినులు కూడా అనేవారు, నేను వరండా మలుపు తిరిగేదాకా ఆగి మరీ.

అవి ఎలుకలు కావని చెప్పబోతే ఇంకా నవ్వేవారు. నిజానికి చెప్పవలసిన కథ అదే. ఆ ఖండం ఎంతో కాలం చుట్టూ సముద్రంతో ఒంటరిగా ఉండిపోయింది. మన దగ్గర కుందేలు, దుప్పి బతికే బతుకు బతకడానికి అక్కడ వేరే జంతువులు అంతగా లేవు. ఎలుకల దూరపు చుట్టాలు ఎట్లాగో అక్కడికి చేరి ఆ ఖాళీల్లోకి వెళ్లాయి. గడ్డి మేశాయి, బయట మైదానాల్లో బతికాయి, పరుగెత్తడం నేర్చాయి. మన ఇంటి ఎలుక మూడు వారాలు మోసి, బొచ్చు లేని, కళ్లు తెరవని పిల్లల్ని గంపెడు కంటుంది. ఈ తల్లి రెండు నెలలకు పైగా మోసి రెండో మూడో కంటుంది. ఆ పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో, పళ్లతో పుట్టి ఆ రోజే గడ్డి కొరుకుతాయి. తల్లికి మేత తక్కువైతే పుట్టే పిల్లల సంఖ్య తగ్గుతుందా, బరువు తగ్గుతుందా అన్నది నేను తేల్చుకోవలసిన సంగతి.

ఇంటి వెనక రేకుల షెడ్డులో వాటిని పెంచేదాన్ని. మేత తెచ్చేది బాపు. మిషన్ దవాఖానలో తోటపని చేసి రిటైరైన మనిషి, ఖాళీగా కూర్చోలేడు. తెల్లారేసరికి కాలువ గట్టుకు వెళ్లి గరిక కోసి, మట్టి దులిపి, మోపు కట్టి తెచ్చేవాడు. నేను పుస్తకంలో చదివినవి ఆయనకు చెప్పేదాన్ని. ఆ కొండల దేశంలో వీటిని వంటింట్లో పొయ్యి దగ్గర పెంచుకుంటారని, పండుగకు, మొక్కుకు ఇవే పెడతారని చెప్పినప్పుడు బాపు కొడవలి పక్కన పెట్టి విన్నాడు.

"అంటే మనకు కోడి ఎట్లనో, గాళ్లకు గివి గట్ల."

"గట్లనే బాపు."

అన్నీ చెప్పేదాన్ని, ఒక్కటి తప్ప. ఏది చూలుతో ఉందో చెప్పేదాన్ని కాదు. పెళ్లికాని బిడ్డ తండ్రి ముందు ఆ మాట ఎట్లా అంటుంది? క్లాసులో అరవై మంది ముందు గర్భాశయం బొమ్మ గీసే నాకు ఇంట్లో నోరు పెగిలేది కాదు. పంజరాల మీద ఇంగ్లీషులో రాసి ఊరుకునేదాన్ని. బాపుకు ఇంగ్లీషు రాదు.

ఆ చలికాలం, శనగలు పెట్టకుండా ఒట్టి గడ్డి మీద పెంచిన గుంపులో చాలా చచ్చిపోయాయి. బతికిన తల్లి ఒక్కటే, గోధుమరంగుది. ఇంక వారం పది రోజుల్లో ఈనుతుంది. దాని పిల్లల్ని తూస్తే నా పని ముగుస్తుంది. అది చేజారితే మళ్లీ జతకట్టించి, మళ్లీ చలికాలం దాకా ఆగాలి. ఏడాది పోయినట్టే. గైడ్ అప్పటికే నా మీద విసుక్కుంటున్నాడు.

ఆ ఆదివారం మా చర్చిలో కోత పండుగ. పొలం ఉన్నవాళ్లు వడ్లు, మక్క కంకులు, గుమ్మడికాయలు తెస్తారు. లేనివాళ్లు కోడినో, గుడ్లనో తెచ్చి ముందు బల్ల మీద పెడతారు. కష్టంలో మొదటిది, మంచిది దేవునికి అన్నమాట. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. నేను ఆడవాళ్ల వైపు, అవ్వ అని పిలిచే మా అమ్మ పక్కన కూర్చున్నాను. మూత గుడ్డ కట్టిన గంపతో బాపు ముందుకు నడిచాడు. కోడి అనుకున్నాను.

పాస్టరు అయ్యగారు గుడ్డ తీసి వెనక్కి జరిగాడు. ఆయన అట్లా జరగడం అందరూ చూశారు.

"గిదేందే?"

"నా బిడ్డ కష్టం అయ్యగారు," అన్నాడు బాపు, అందరికీ వినబడేలా. "గీ ఏడు గామెకు ఇదే పంట. అన్నిట్ల బొద్దుగున్నది ఏరి తెచ్చిన. గాళ్ల దేశంల పండుగకు ఇదే పెడతరట."

గంప అంచు మీదుగా గోధుమరంగు మూతి పైకి లేచింది. ముందు వరసలో పిల్లలు కిచకిచ నవ్వారు, వాళ్ల తల్లులు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఎలుకను పట్టుకొచ్చి దేవుని బల్ల మీద పెట్టిండని వెనక ఎవరో అన్నారు. నేల చీలి నన్ను మింగితే బాగుండనిపించింది. బాపు మీద చెప్పరానంత కోపం వచ్చింది. కోపం కన్నా సిగ్గు ఎక్కువ. మురికి పట్టిన ధోవతితో కాదు, ఉతికి గంజి పెట్టిన ధోవతితో, ఎంతో గొప్ప పని చేసినట్టు నిలబడ్డాడు చూడండి, అది చూడలేకపోయాను.

వేలం మొదలైంది. గుమ్మడికాయలు పోయాయి, కోళ్లు పోయాయి. గంప వంతు వచ్చింది. ఎవరూ పాడలేదు. చివరికి గ్రానైటు కాంట్రాక్టరు ఒకాయన, ప్రతి ఏడూ నవ్వులకోసం వేలం పెంచే మనిషి, చెయ్యి ఎత్తాడు.

"కూరకు అక్కరకొస్తదో ఏమో సూద్దాం!"

అందరూ నవ్వారు. నేను చెయ్యి ఎత్తాను. ఆయన పెంచాడు. నేనూ పెంచాను. ఆయనకు ఇంకా హుషారు వచ్చింది.

"మేడం, మీరు ఇచ్చినదాన్ని మీరే పాడుతరేంది? దేవునికి ఇచ్చినంక మళ్ల మనసు మర్లిందా?"

మగవాళ్ల వైపు నుంచి బాపు నన్ను చూసి చేత్తో వద్దు వద్దని సైగ చేశాడు. ఇచ్చినది తిరిగి తీసుకుంటే ఆయన మొక్కు మొక్కు కాకుండా పోతుంది. ఊరుకుంటే నా ఏడాది పోతుంది. లేచి నిలబడ్డాను.

"గది చూలుతోని ఉన్నది," అన్నాను. "గా పిల్లలను తూకమెయ్యాలె. లేకుంటే నా సదువు ఆగిపోతది."

వెనక వరసలో ఎవరో పకపక నవ్వారు. అవ్వ నా కొంగు పట్టి లాగింది. కాంట్రాక్టరు తల గోక్కుంటూ, "గట్లయితే తీస్కపోండ్రి మేడం, మాకెందుకు," అని కూర్చున్నాడు. అయ్యగారు గబగబా ఆమెన్ అనేసి మక్క కంకుల వేలంలో పడ్డాడు. నేను గంప తెచ్చుకోవడానికి నడిమి దారిలో నడిచాను. అంత పొడుగు దారి కరీంనగర్‌లో ఇంకొకటి లేదు. బాపు వైపు చూడలేదు.

"నలుగుర్ల గా మాటనా?" అని అవ్వ ఇల్లు చేరేదాకా తిట్టింది.

ఆ వారమే ఈనింది, మూడు. బొచ్చుతో, కళ్లు తెరుచుకుని. తడి ఆరకముందే లేచి తల్లి చుట్టూ తిరిగాయి. తూచాక, కోపమంతా మరిచిపోయి, చూపిద్దామని బాపును పిలవడానికి పరుగెత్తాను. ఆయన వంకాయ మడిలో కలుపు తీస్తున్నాడు.

"తర్వాత సూస్త," అన్నాడు తల ఎత్తకుండా.

తరువాత కూడా చూడలేదు. షెడ్డులోకి రావడం మానేశాడు. తెల్లారేసరికి గరిక మోపు గడప బయట ఉండేది, మట్టి దులిపి, ఎప్పటిలాగే. మొక్కు చెడగొట్టానని కోపం పెట్టుకున్నాడనుకున్నాను. పెట్టుకుంటే పెట్టుకోనీ, అడగకుండా తీసుకెళ్లింది ఎవరు, అని నేనూ బిగుసుకున్నాను. మా ఇంట్లో మొండితనానికి కరువు లేదు. ఆ ఎండాకాలం అంతా అట్లాగే గడిచింది. ఒకరోజు అవ్వ ముందు ఆయన కోపం ఇంకా పోలేదా అన్నాను. అవ్వ బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపింది.

"కోపమెక్కడిది? సిగ్గు ఆయనకు. బిడ్డ సదువును తీస్కపోయి అంగట్ల పెట్టిన, ఏం తెల్వనోణ్ణి, గా షెడ్డుల ఇంక ఏం జెడగొడ్తనో అంటడు."

అన్నాళ్లూ సిగ్గంతా నాదే అనుకుంటూ తిరిగాను. ఆ రోజు గడప బయట ఉన్న గరిక మోపును చూసి ఏడుపొచ్చింది.

థీసిస్ ఇచ్చేశాను. మళ్లీ కోత పండుగ వచ్చింది. బాపు ఆ ఏడు ఏమీ తీసుకురాలేదు, తలుపు దగ్గర చివరి వరసలో కూర్చున్నాడు. నేను గంప పట్టుకుని ముందుకు నడిచాను. ఆ మూడు పిల్లల్లో ఒకటి, పెరిగి పెద్దదైంది. నవ్వులు వినిపించాయి.

"మళ్ల గదేనా?" అన్నాడు అయ్యగారు. "ఎవరి పేరు మీద అమ్మా?"

"మా బాపు పేరు మీద. పొద్దుగాల లేచి గడ్డి కోసి సాదింది ఆయన. నేను రాసుకున్న, గంతే."

వేలంలో దాని వంతు వచ్చినప్పుడు కాంట్రాక్టరు నోరు తెరిచి, నా ముఖం చూసి, మూసుకున్నాడు. తలుపు దగ్గర ఒక చెయ్యి లేచింది. బాపుది. ఆయన మీద ఎవరూ పాడలేదు.

గంప చంకన పెట్టుకుని వెనక్కి నడుస్తూ బాపు ఆడవాళ్ల వైపు నా దగ్గర ఆగాడు. గుడ్డ కాస్త ఎత్తి లోపలికి చూశాడు. అందరూ వింటుండగా, పెద్ద గొంతుతో అడిగాడు.

"గిది గూడ చూలుతోని ఉన్నదా బిడ్డా?"

"లేదు బాపు, గిది మగది," అన్నాను, గొంతు తగ్గించకుండా.