ఆగిరిపల్లి గ్రహం మీద మా అత్తగారు

కాలేజీ పోటీకి ఫోన్‌తో సినిమా తీస్తానంది మా అమ్మాయి. కథేంటంటే, కొందరు రాకెట్‌లో వేరే గ్రహానికి వెళ్తారు. అక్కడి జీవి అందరినీ మింగేస్తుంది, ఒక్కరూ తిరిగి రారు. గ్రహం ఆగిరిపల్లిలో మేం కౌలుకు తీసుకున్న మామిడి తోట. పురుగు పట్టకుండా కాయలకు తొడిగిన కాగితపు కవర్లు ఆ జీవి గుడ్లు. కెప్టెన్‌ని నేను. "రోజూ ఇంట్లో చేసేదేగా, నటించక్కర్లేదు," అన్నారు మా ఆయన. ఆయన సంగతి తర్వాత చూద్దామనుకున్నాను.

చీర మీద రెయిన్‌కోటు, తలకి బండి హెల్మెట్. లోపల ఉడికిపోయాను. అయినా అమ్మాయి స్నేహితులిద్దరితో కలిసి నేనూ "గుడ్డు కదులుతోంది!" అని అరుస్తూ పరిగెడుతుంటే భలే సంతోషమేసింది. పెళ్లయ్యాక ఇంత అల్లరి చేసింది లేదు. తోటలో కూలి ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

స్నేహితులిద్దరినీ జీవి చెట్ల చాటుకి లాక్కెళ్లిపోయింది. ఇక మిగిలింది కెప్టెన్ చావే. నేనలా నేల మీద వాలానో లేదో, నీడన కుర్చీలో కూర్చున్న మా అత్తగారు ఒంటికాలి మీద లేచారు.

"లేవ్వే! ముత్తైదువ్వి, శవంలా పడుకుంటావా? నేను బతికుండగా కుదర్దు."

"సినిమాయేగా మామ్మా! రేపు కోత మొదలైతే కవర్లుండవు, ఇవాళే తియ్యాలి," అంది అమ్మాయి.

"అయితే కెప్టెన్‌ని బతికించు."

"బతికితే అది నా సినిమానే కాదు!"

నెల రోజులుగా దానికి ఆ కథే లోకం. ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాలనిపించింది. కూలీల ముందు బాగోదని తమాయించుకున్నాను.

అత్తగారు మనవరాలి వంక చూశారు. తర్వాత లేచొచ్చి నా ముందు చెయ్యి చాపారు.

"ఆ కోటూ, టోపీ ఇటివ్వు. మొహం కనపడదుగా, నేను చస్తాలే. ఈ వయసులో నాకేం అశుభం?"

వద్దండీ అన్నా వింటేగా! తూలుతూ రెండడుగులు వేసి, చెట్టు పట్టుకుని మెల్లగా జారి, కవర్ల కింద వెల్లకిలా పడుకున్నారు. అమ్మాయి మురిసిపోతూ "చాలు మామ్మా!" అంది. ఆవిడ లేవలేదు. మళ్లీ పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అత్తయ్యా!" అని ఏడుస్తూ పరిగెత్తి హెల్మెట్ అద్దం పైకెత్తాను. ఆవిడ ఒక కన్ను తెరిచారు.

"ఏడుస్తావో లేదో చూద్దామనీ," అన్నారు.

నవ్వాలో తిట్టాలో తెలియక ఇంకా ఏడ్చాను.

అమ్మాయి ఫోన్ ఆపనేలేదట. ఆ ముక్క సినిమాలో అలాగే ఉంచేసింది. అందరూ పోయిన గ్రహం మీదకి చీర కట్టుకుని ఏడుస్తూ వచ్చిన ఆవిడెవరని పోటీలో అడిగారట.

"కెప్టెన్‌గారి కోడలండీ," అని చెప్పిందట మా పిల్ల.